గోరింక రెట్టకు వేళ చూడాలి

ప్రశ్న: మా వసారా చూరులో గోరింకలు గూడు పెట్టాయి. నాలుగు రోజులు పొద్దున్నే రెట్ట తీసి మైక్రోస్కోపు కింద చూస్తే కాక్సిడియా (పేగుల్లో బతికే ఏకకణ పరాన్నజీవులు) ఒక్కటీ కనబడలేదు. ఒకరోజు సాయంత్రం చూస్తే లోపల గుండ్రటి ముద్ద ఉన్న గుడ్లలాంటివి కుప్పలుగా ఉన్నాయి. ఇది ఏ జాతి?
– జువాలజీ విద్యార్థి, అమలాపురం

జవాబు: తప్పు మీ చేతిది కాదు, వేళది. గోరింకలాంటి పాటపిట్టల పేగుల్లో బతికే ఐసోస్పోరా అనే కాక్సిడియా తన ఊసిస్టులను, అంటే మీరు చూసిన గుడ్లలాంటివాటిని, ఎక్కువగా మధ్యాహ్నం వాలాక, పొద్దుగూకేలోపు వదులుతుంది. పొద్దుటి స్లయిడు ఖాళీగా ఉందని ‘ఈ పిట్టకు లేదు’ అని రాసుకోకండి. మూడింటికి గూటి కింద శుభ్రమైన ప్లాస్టిక్ షీటు పరిచి, ఆరింటికి తీసేయండి. తెల్లసున్నంలాంటి భాగం వదిలేసి నల్లటి ముద్దే తీసుకోండి. నేల మీద పడినదాన్ని గీకితే మట్టిలోని పురుగుల గుడ్లూ వస్తాయి.

మీరు చూసినవి ఇంకా పండని, అంటే లోపలి ముద్ద ఇంకా సంచులుగా విడిపోని ఊసిస్టులు. ఆ దశలో జాతి మాట అటుంచి, ప్రజాతి కూడా చెప్పలేం. 100 మి.లీ. నీళ్లలో 2.5 గ్రాముల పొటాషియం డైక్రోమేట్ కలపండి. ఒక వంతు రెట్టకు ఆరు వంతుల ద్రావణం చొప్పున పెట్రీ డిష్‌లో అర సెంటీమీటరు మించకుండా పోయండి. సీసా నిండా పోసి బిరడా బిగిస్తే గాలి అందక పండవు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. 23–28 డిగ్రీల చోటు కావాలి, మే నెలలో రేకుల గది పనికిరాదు. రోజూ ఒక చుక్క తీసి చూస్తూ, నూటికి డెబ్బై దాకా పండాక ఆపండి. డైక్రోమేట్ క్యాన్సర్ తెచ్చే విషం. గ్లవుజులు వేసుకోండి, మిగిలింది కాలవలోనో రొయ్యల చెరువు గట్టునో పారబోయకండి.

తర్వాత డైక్రోమేట్ పసుపు రంగు పోయేదాకా నీళ్లతో సెంట్రిఫ్యూజ్‌లో కడగాలి. 500 గ్రాముల పంచదార, 320 మి.లీ. నీళ్లు, 6.5 గ్రాముల ఫినాల్ కలిపిన పాకంతో ట్యూబు అంచుదాకా నింపి, 1500 ఆర్‌పీఎం వద్ద 5 నిమిషాలు తిప్పండి. పైన కవర్‌స్లిప్ పెట్టి పది నిమిషాలాగి తీయండి. కొలతలు వెంటనే ముగించాలి. పాకంలో ఎక్కువసేపుంటే ఊసిస్టులు సొట్టపోతాయి, ఆ సొట్టనే ఆకారమనుకుంటాం.

ప్రశ్న: పండాక ఏం చూడాలి? కొత్త జాతి అని ఎప్పుడు చెప్పొచ్చు?
– అదే పాఠకుడు

జవాబు: ముందు లోపలి సంచులు లెక్కపెట్టండి. ఆ సంచులే స్పోరోసిస్టులు, వాటిలోని సన్నటి కణాలు స్పోరోజాయిట్లు. రెండు స్పోరోసిస్టులు, ఒక్కోదానిలో నాలుగు స్పోరోజాయిట్లు ఉంటే ఐసోస్పోరా. నాలుగు స్పోరోసిస్టులు, రెండేసి స్పోరోజాయిట్లయితే ఐమీరియా అనే మరో ప్రజాతి. పాటపిట్టల్లో అది అరుదు.

ఆపై నూరు రెట్ల ఆయిల్ లెన్సు. స్పోరోసిస్టు కొనదేలిన వైపు చనుమొనలాంటి బొడిపె ఉంటుంది, దాన్నే స్టీడా బాడీ అంటారు. కండెన్సర్ డయాఫ్రం కొంచెం మూసి, ఫైన్ ఫోకస్ నెమ్మదిగా తిప్పితేనే అది బయటపడుతుంది. దాని కింద సబ్‌స్టీడా బాడీ అనే మరో ముద్ద ఉందా, ఉంటే ఏ ఆకారం, గోడకు ఎన్ని పొరలు, ఊసిస్టు లోపల పోలార్ గ్రాన్యూల్ అనే మెరిసే రేణువు ఉందా, మిగులు రేణువులు ముద్దగా ఉన్నాయా చెల్లాచెదురుగానా, అన్నీ బొమ్మ గీసి రాయండి. ఫొటో ఒక్క లోతునే చూపిస్తుంది, కాబట్టి గీత తప్పదు. కనీసం 30 ఊసిస్టుల పొడవు, వెడల్పు, వాటి నిష్పత్తి కొలవాలి. ఐపీస్ గీతలను అదే లెన్సు కింద స్టేజ్ మైక్రోమీటరుతో సరిచూడకపోతే ఆ కొలతలన్నీ వృథా.

గోరింకలో దొరికింది కాబట్టి కొత్తది అనడానికి లేదు. ఆ పక్షి కుటుంబంలో ఇప్పటిదాకా వర్ణించిన ఐసోస్పోరాలన్నిటితో పోల్చాలి. ఒకే పిట్టలో రెండు జాతులు కలిసి ఉండొచ్చు, కొలతలు రెండు గుంపులుగా విడిపోతే అనుమానించండి. సీఓఐ (జాతులను గుర్తించడానికి వాడే మైటోకాండ్రియా జన్యువు) డీఎన్‌ఏ వరస కూడా ఉంటే వాదన నిలబడుతుంది. రెట్ట ఏరుకోవడం వేరు, వల వేసి పిట్టను పట్టడం వేరు. రెండోదానికి అటవీశాఖ అనుమతి ఉండాలి.

ప్రశ్న: పెరట్లో నాటుకోళ్లున్నాయి. గోరింకల నుంచి ఈ కాక్సిడియా వాటికి అంటుతుందా?
– గృహిణి, రాజోలు

జవాబు: అంటదు. కోళ్లకు రక్తవిరేచనాలు తెచ్చేది ఐమీరియా, అది కోడి నుంచి కోడికే పోతుంది. గోరింకల గూడు తీసేయక్కర్లేదు, కోళ్లగూటిలో తడిసిన ఊక మార్చండి.