కృష్ణ దాటిన తాత శరణార్థి అవుతాడా?

ప్రశ్న: రజాకార్ల కాలంలో మా తాత పిల్లలను, ఎడ్లను వెంటబెట్టుకొని కృష్ణ దాటి, గుంటూరు జిల్లాలో చుట్టాల కొట్టంలో కొన్ని నెలలు తలదాచుకున్నాడట. చట్టప్రకారం ఆయనను శరణార్థి అనవచ్చునా?
ఒక పాఠకుడు, హుజూర్‌నగర్

జవాబు: ఇల్లూ వాకిలీ విడిచి వచ్చినవారిని ఆ రోజుల్లో 'కాందిశీకులు' అనేవారు. మాటకు లోటు లేదు, లేనిదల్లా చట్టమే. శరణార్థి అన్న మాటకు ఇప్పుడు చెల్లుబాటవుతున్న అర్థం 1951 జూలై 28న జెనీవాలో కుదిరిన ఒప్పందం నుంచి వచ్చింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయాభిప్రాయం అనే కారణాల్లో ఏదో ఒకదాని వల్ల తనను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో సొంత దేశం వెలుపల ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేనివాడు శరణార్థి.

భయం సంగతి వరకు మీ తాతగారికి ఢోకా లేదు. చిక్కంతా 'సొంత దేశం వెలుపల' అన్నచోట ఉంది. ఉన్న సంబంధాలు ఉన్నట్టే సాగాలని 1947 నవంబరు 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం చేసుకున్నా నిజాం భారత యూనియన్‌లో చేరలేదు సరికదా, 1948 ఆగస్టులో హైదరాబాదు వ్యవహారాన్ని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి దాకా తీసుకుపోయాడు. హైదరాబాదు వేరే దేశమని నిజాం వాదన, కాదని ఢిల్లీ వాదన. ఏరు దాటడానికి పుట్టి ఎక్కినవారికి ఈ వాదనలతో పనిలేదు, ఆవలి గట్టు చేరితే చాలు.

ఇక జెనీవా ఒప్పందం సంగతి. 1951 జనవరి 1కి ముందరి సంఘటనల వల్ల చెదిరినవారికే అది వర్తించేది. అందులోనూ ఐరోపా సంఘటనలకే పరిమితం చేసుకునే వీలు సభ్యదేశాలకు ఉండేది. అంతకుముందు 1922లో నానాజాతి సమితి శరణార్థుల కమిషనర్ నాన్సెన్ పేరిట వచ్చిన పాస్‌పోర్టు కూడా మొదట విప్లవం తరువాత దేశం విడిచిన రష్యన్ల కోసం పుట్టిందే. శరణార్థుల చట్టం ఎప్పుడూ జనం వెనకాలే, అదీ ఎవరో కొందరి వెనకాలే నడిచిందని నా అభిప్రాయం. జెనీవా ఒప్పందంలోని తేదీ, ప్రాంతం హద్దులను దానికి అనుబంధంగా వచ్చిన 1967 ప్రోటోకాల్ తీసివేసింది. భారతదేశం ఈ రెండింటిలోనూ చేరలేదు.

మన చట్టాలూ తేదీలతోనే లెక్క కట్టాయి. పాకిస్తాన్ నుంచి వచ్చినవారికి రాజ్యాంగంలోని 6వ అధికరణం 1948 జూలై 19ని హద్దుగా పెట్టింది. ఆలోపు వచ్చి ఇక్కడే ఉంటున్నవారు, మిగిలిన షరతులు సరిపోతే, పౌరులు. ఆ తరువాత వచ్చినవారు నమోదు చేయించుకోవాలి. 1954 నాటి నష్టపరిహార, పునరావాస చట్టం 'నిర్వాసితులు' అన్నది కూడా దేశవిభజన వల్ల పశ్చిమ పాకిస్తాన్ ప్రాంతాలు విడిచి వచ్చినవారినే. (శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కొల్లాపూర్ వైపువారికి ఆ మాట వేరే విధంగా తెలుసు.) మీ తాతగారు వీటిలో దేనిలోనూ ఇమడరు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాక సొంత ఊరికి తిరిగివచ్చి ఉంటే, రాజ్యాంగం అమల్లోకి వచ్చిననాడు 5వ అధికరణం కింద ఏ దరఖాస్తూ లేకుండానే ఆయన పౌరుడయ్యారు.

ప్రశ్న: హైదరాబాదు బాలాపూర్‌లో రోహింగ్యాలు ఉంటున్నారు. శరణార్థుల చట్టమే లేనప్పుడు వారు ఏ కాగితం మీద ఉంటున్నట్టు?
ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: మయన్మార్ నుంచి వచ్చిన ఈ ముస్లింలలో చాలామంది చేతిలో ఉన్నది ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు. అది మన ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాదు. 1946 నాటి విదేశీయుల చట్టానికి వీసా లేనివాడు, శరణు వేడినవాడు ఒకటే. దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం కూడా శరణార్థిని విడిగా నిర్వచించలేదు. అందుచేత ఎవరిని రానివ్వాలన్నది ఒక్కొక్క సమూహం విషయంలో ఒక్కొక్క విధంగా ప్రభుత్వమే తేల్చింది. 1959 నుంచి వచ్చిన టిబెటన్లకు స్థిరనివాసాలు ఏర్పడ్డాయి, 1983 తరువాత వచ్చిన శ్రీలంక తమిళులకు తమిళనాడులో శిబిరాలు ఏర్పడ్డాయి. 2019 పౌరసత్వ సవరణ మూడు పొరుగు దేశాల నుంచి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన ఆరు మతాలవారికి దారి తెరిచింది. అందులో ముస్లింలూ లేరు, మయన్మారూ లేదు.

కోర్టుల వైపు నుంచి కొంత ఆసరా ఉంది. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మాల కేసులో, జీవించే హక్కును కాపాడే 21వ అధికరణం పౌరులు కానివారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఏప్రిల్‌లో జమ్ములోని రోహింగ్యాల విషయంలో అదే మాటను ఒప్పుకుంటూనే, దేశంలో నివసించే హక్కు పౌరులకు మాత్రమే ఉందనీ, నిర్ణీత పద్ధతి పాటిస్తే వారిని వెనక్కి పంపవచ్చనీ ఉత్తర్వు ఇచ్చింది.