మియాపూర్ ఫ్లాట్‌లో బోర్ నీళ్లతో అక్వేరియం పెట్టొచ్చా, ఏ చేపలు కొనాలి?

మియాపూర్‌లో ఫ్లాట్, వాడకానికి బోర్ నీళ్లు, ఆరేళ్ల పాప చేపలు కావాలని పట్టుబట్టింది, షాపులో ట్యాంకూ చేపలూ కలిపి ఈరోజే తీసుకెళ్లమంటున్నారు, ఏ చేపలైతే బతుకుతాయి అని అడిగారు. మాది మల్కాజిగిరి. మావీ బోర్ నీళ్లే. హాల్లో రెండడుగుల ట్యాంకు కొన్నేళ్లుగా బాగా నడుస్తోంది. బోర్ నీళ్లతో నిక్షేపంగా పెట్టొచ్చండి. కాకపోతే ట్యాంకు ఈరోజు కొనండి, చేపల్ని మాత్రం నెల తర్వాత కొనండి. నేను చెప్పేవాటిలో ఇది ఒక్కటి పాటించినా చాలు.

ఎందుకంటే, చేప తన మొప్పల గుండా అమ్మోనియాను నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా వచ్చేది అదే. నడుస్తున్న ట్యాంకులో ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేరితే చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు, వారానికోసారి కొన్ని నీళ్లు మార్చితే సరిపోతుంది. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో, గ్రావెల్ (అడుగున పరిచే చిన్న రాళ్లు) మీద పట్టుకుని పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో అదేమీ ఉండదు. అందుకే చాలా ఇళ్లలో చేపలు తెచ్చిన వారం పది రోజులకే ఒక్కొక్కటిగా పోతాయి. పెద్దవాళ్లు "మనింటికి చేపలు అచ్చిరావు" అనేస్తారు, ట్యాంకు అటకెక్కుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అచ్చిరాకపోవడం కాదు, అది అమ్మోనియా.

మన బోర్ నీళ్లలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. నీళ్ల పీహెచ్, అంటే క్షారగుణం, ఎక్కువగా ఉన్నకొద్దీ, వేడి పెరిగినకొద్దీ, అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. మన దగ్గర రెండూ ఉన్నాయి.

ఆ నెల రోజులూ మీరు చేయాల్సిన పని పెద్దగా ఏం లేదు. ట్యాంకు నింపి, ఫిల్టర్ రాత్రింబవళ్లు నడవనిచ్చి, రోజు విడిచి రోజు చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్లి బ్యాక్టీరియాకు ఆహారం అవుతుంది. మొదటి వారంలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడొచ్చు. కంగారుపడి మార్చేయకండి, కొన్ని రోజుల్లో అవే తేరుకుంటాయి. నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చూసే లిక్విడ్ టెస్ట్ కిట్ ఒకటి కొనండి, దీని మీద పెట్టిన డబ్బు వృథా కాదు. మేం వాడే కిట్‌లో చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, చుక్కలు వేసి, మూత పెట్టి ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగులోనే ఉంటే అమ్మోనియా లేదు, ఆకుపచ్చ తిరిగితే ఉన్నట్టు. ట్యూబ్‌లైటు కింద రెండు రంగులూ ఒకలాగే కనిపిస్తాయి, కిటికీ వెలుగులో తెల్లకాగితం వెనక పెట్టి చూడండి. పాపతో చేయిస్తే చేపలెప్పుడొస్తాయన్న గోల కూడా తగ్గుతుంది. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. మేత వేస్తూ ఉన్నా రెండూ సున్నాకి వచ్చి నైట్రేట్ కనిపించిన రోజు ట్యాంకు సిద్ధమైనట్టు. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే, దాని స్పాంజ్ ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి, ఈ వ్యవధి బాగా తగ్గుతుంది.

ఇక నీళ్లు. మంజీరా, కృష్ణా, గోదావరి, ఏ నల్లా నీళ్లైనా క్లోరిన్ కలిపే వస్తాయి. అవి వాడితే షాపుల్లో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి, లేదా డ్రమ్ములో పట్టి ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజు ఉంచాలి. బోర్ నీళ్లకు మామూలుగా ఈ బాధ లేదు గానీ, అపార్ట్‌మెంట్‌లో సంపు కడిగినప్పుడు బ్లీచింగ్ పౌడర్ వేస్తుంటారు. ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని అడిగి పెట్టుకోండి, ఆ రోజుల్లో నీళ్లు మార్చకండి. మీ బిల్డింగ్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంటే వీలైతే దానికి ముందు వచ్చే నీళ్లు పట్టుకోండి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటర్ ఈ తేడా చూపించదు. ఆర్వో నీళ్లు ఒక్కటే పోసి పెంచొద్దు, అందులో చేపకు కావాల్సిన లవణాలు దాదాపు ఉండవు.

గాజు బౌల్ మాత్రం కొనకండి. నీళ్లు ఎంత తక్కువైతే అంత తొందరగా పాడవుతాయి, కాబట్టి కొత్తవాళ్లకు పెద్ద ట్యాంకే సులువు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే దాదాపు 55 లీటర్లు పడతాయి. గ్రావెల్, గాజు కలిపి బరువు 70 కిలోలు దాటుతుంది, టీవీ స్టాండ్ మీద పెట్టొద్దు. అడుగున థర్మోకోల్ షీట్ వేయండి. ఎండ నేరుగా పడే చోట పాచి పడుతుంది. స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్ చాలు, పంపు గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చే అవకాశం ఉంది.

చేపల విషయానికొస్తే, కాల్షియం లాంటి లవణాలు ఎక్కువుండే మన గట్టి బోర్ నీళ్లకు గప్పీలు, ప్లాటీలు బాగా సరిపోతాయి. మగ గప్పీలే తీసుకోండి. ఆడవి ఉంటే సుమారు నెలకోసారి పిల్లలు పెడతాయి, ట్యాంకు నిండిపోతుంది. మొదట మూడు నాలుగు తెచ్చి, రెండు వారాలు టెస్ట్ చేస్తూ చూసి, ఆ తర్వాత మిగతావి. ఈ ట్యాంకుకు మొత్తం ఎనిమిది పది చాలు. గోల్డ్‌ఫిష్ వద్దు, చల్లటి నీళ్లు ఇష్టపడే చేప, బాగా పెరుగుతుంది, చెత్త ఎక్కువ. ట్యాంకు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ క్యాట్‌ఫిష్ అసలే వద్దు. అది అడుగు దాటి పెరుగుతుంది, అప్పుడు జనం తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. అలా వదిలినవే ఇప్పుడు దెయ్యం చేపలని మన చేపల రైతులను పీడిస్తున్నాయి. ఏ చేపనైనా పెంచలేకపోతే షాపుకు తిరిగి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలకండి.

ఏప్రిల్, మే నెలలే అసలు టెన్షన్. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే అదే సూచన. మూత తీసి, నీటి మీదుగా గాలి వెళ్లేలా చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐస్ గడ్డలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోదు. ఎయిర్ పంప్ తీసుకునే కరెంటు చాలా తక్కువ, ఇన్వర్టర్ లైనుకు కలపండి.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజ్‌ను కుళాయి కింద కాకుండా, ట్యాంకులోంచి తీసిన నీళ్ల బకెట్‌లోనే పిండండి. గోధుమ రంగు మడ్డి దిగుతుంది, కాస్త దిగితే చాలు, తెల్లగా అయ్యేదాకా పిండితే నెల రోజులు పెంచిన బ్యాక్టీరియా పోతుంది. ఆ బకెట్‌కు సబ్బు తగలకూడదు.

మేత ఒకటి రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే. పాప డబ్బా వంచేయకుండా రోజుకు సరిపడా మేత చిన్న మూతలో పోసి ఇవ్వండి. సంక్రాంతికి ఊరెళ్లినా, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలవు. తాళం చెవి పక్కింటివాళ్లకు ఇస్తే పంపు నడుస్తోందో లేదో చూడమనండి, మేత వేయొద్దని మరీ మరీ చెప్పండి.