బాల్కనీ కుండీలో ఒక్క గంజాయి మొక్క పెంచుకోవచ్చా?

పెంచకూడదు, పర్లాకిమిడి, రాయగడ అయినా, గడ్చిరోలి, చంద్రపూర్ అయినా, అనుమతి లేకుండా బాల్కనీలో ఒక్క గంజాయి మొక్కను పెంచినా నేరమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కేంద్ర చట్టం కాబట్టి, ఆంధ్ర సరిహద్దు దాటి ఒడిశాలోనో, తెలంగాణ దాటి మహారాష్ట్రలోనో అడుగుపెట్టినంత మాత్రాన నిబంధన మారదు. అందులోని 8వ సెక్షన్ ఏ గంజాయి మొక్క సాగునైనా నిషేధిస్తుంది. 20వ సెక్షన్ పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తుంది. పొలమా, పెరడా, మట్టి కుండీయా అన్న తేడా ఎక్కడా లేదు.

ఉదాహరణకు, పర్లాకిమిడిలో అద్దెకుండే ఒకరు తులసి, బంతి కుండీల మధ్య ఒక గంజాయి విత్తనం నాటి, రోజూ నీళ్లు పోస్తున్నారనుకుందాం. శిక్ష పెంపకానికే కనుక, పూత రాకపోయినా, ఆకు కోయకపోయినా ఆయనపై కేసు పెట్టవచ్చు. తెలిసీ అందుకు తావిచ్చిన ఇంటి యజమాని కూడా 25వ సెక్షన్ కింద అదే శిక్షకు గురికావచ్చు. చాలామంది పట్టించుకోని విషయమిది.

కిలో లోపు గంజాయికి శిక్ష తక్కువ కాబట్టి ఒక మొక్క పెంచితే పెద్ద ఇబ్బంది ఉండదన్నది సాధారణంగా కనిపించే అపోహ. నిజానికి ఆ పరిమాణాల లెక్క గంజాయిని దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, రవాణా చేయడం వంటి వాటికే వర్తిస్తుంది, మొక్కల పెంపకానికి కాదు. అలాగే, పూత లేని విడి ఆకులు గంజాయి నిర్వచనంలోకి రావన్న మాట నిజమే అయినా, చట్టం మొక్కను విడిగా నిర్వచించింది కనుక ఆ మినహాయింపు కుండీలోని మొక్కకు వర్తించదు.