ముందు ఫోటోను చూడు, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరులో ఇంటికి కంప్యూటర్ కొన్నామనీ, ఫోటోలు బాగుచేసుకోవడానికి ఉచితంగా దొరికే మంచి సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పమనీ మొన్న ఫోనులో అడిగావు. నోటితో చెబితే సగం మరిచిపోతావని రాసి పంపుతున్నాను. కంప్యూటర్ పక్కనే పెట్టుకుని చదువు.

గాంధీ రోడ్డు పక్క సందులో ముప్పై ఏడేళ్లు స్టూడియో నడిపినవాణ్ణి. ఎవరు ఈ ప్రశ్న అడిగినా ముందు నేనొకటి అడుగుతాను: నీ చేతిలో ఉన్న ఫోటోకు ఏం జబ్బు? అది తేలితే మందు సులభం. నీ మాటలను బట్టి నీకు మూడు పనులున్నాయి. అమ్మ పెట్టెలోని పాత ఫోటోలు బాగుచేయడం, పిల్లవాడి దరఖాస్తులకు పాస్‌పోర్టు ఫోటోలు చేయడం, ఫోనులో తీసినవాటి సైజు తగ్గించి పంపడం. మొదటిది నాకు కూడా ముఖ్యమే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీ తాతయ్య చీర కట్టి మాతంగి అనే ఆడవేషం వేసిన ఫోటో ఆ పెట్టెలోనే ఉంది. అది 1978లో మా గురువుగారు తీసింది. డార్క్‌రూమ్‌లో ప్రింటు వేసి ఆరబెట్టింది నేనే. ఇప్పుడు మధ్యలో మడత పడి చీలిందనీ, అంచులు పసుపు తిరిగాయనీ చెప్పావు.

ఏ సాఫ్ట్‌వేర్ వద్దో ముందు చెప్పేస్తాను. ఫోటోషాప్ గొప్ప సాధనమే, 1990 నుంచి ప్రపంచమంతా వాడుతోంది. కానీ ఇప్పుడు దానికి నెలనెలా అద్దె కట్టాలి. ఊరికే వేసి ఇస్తామని ఎవరైనా దొంగ కాపీ తెస్తే ఇంట్లోకి రానివ్వకు. ఇలాంటి కాపీనే ఒక తెలిసిన కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి స్టూడియో కంప్యూటర్‌లో ఎక్కించాడు. యాంటీవైరస్ ఆపమంటే ఆపాను. మూడో రోజు పొద్దున చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో వింత అక్షరాలు. ఒక్క ఫోటో తెరుచుకోలేదు. డబ్బు కడితే తాళం తీస్తామని తెర మీద బెదిరింపు. తిరుచానూరులో తీసిన ఒక పెళ్లి ఫోటోలు, ఇంకా ప్రింటు వేయనివి, అన్నీ అందులోనే పోయాయి. ఆ మాట చెప్పడానికి పెళ్లికూతురి తండ్రి ఇంటి మెట్లెక్కిన రోజు తలచుకుంటే ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది.

నీకు కావలసింది జింప్. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో దీన్ని మొదలుపెట్టారు. మరుసటి ఏడాది అందరికీ అందింది. 2025 మార్చిలో 3.0 వచ్చింది. ఇంట్లో వాడుకున్నా, దాంతో నాలుగు రూపాయలు సంపాదించుకున్నా ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ నడుస్తుంది కాబట్టి రేపు కంప్యూటర్ మారినా నేర్చుకున్నది వృథా పోదు. నీ కంప్యూటర్‌కు ర్యామ్ నాలుగు జీబీ అన్నావు. ఇంటి ఫోటోలకు అది చాలు, తెరిచి ఉన్న మిగతా ప్రోగ్రాములు మూసేసి పని చేసుకో.

దించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. జింప్ డాట్ ఓఆర్‌జీ అన్న సొంత సైటు నుంచే తీసుకో. వెతికితే పైన వచ్చే ప్రకటనలను నొక్కవద్దు. ఒకప్పుడు పేరున్న డౌన్‌లోడ్ సైటు ఒకటి జింప్‌తో పాటు అక్కరలేని ప్రకటనల సరుకు కూడా కలిపి ఇచ్చి నలుగురిలో మాట పడింది.

ఇక తాతయ్య ఫోటో. ముందుగా స్కాన్. నలుపు తెలుపు ఫోటోయే అయినా స్కానర్‌ను రంగులోనే ఉంచు. ఎందుకో చెబుతాను. ప్రింటు మీద బొమ్మను నిలబెట్టే హైపో అనే మందులో వేసిన తర్వాత నీళ్లలో సరిగా కడగకపోతే ఆ మందు కాగితంలోనే ఉండిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు మరకై బయటపడుతుంది. ఆ ఏడాది జాతర రద్దీలో ఒక్క రాత్రిలో వందల ప్రింట్లు వేశాం, కడగాల్సినంత సేపు కడిగి ఉండం. రంగులో స్కాన్ చేస్తే ఆ మరకను వదిలించే దారి ఉంది. కంప్యూటర్ రంగు ఫోటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు భాగాలుగా దాస్తుంది, ఒక్కోదాన్ని చానెల్ అంటారు. పసుపు మరక నీలం చానెల్‌లో నల్లగా కనిపిస్తుంది, ఎరుపు చానెల్‌లో దాదాపు కనిపించకుండా పోతుంది. జింప్‌లో రంగుల మెనూలో మోనో మిక్సర్ అని ఉంటుంది. అందులో ఎరుపును ఒకటి దగ్గర, ఆకుపచ్చనూ నీలాన్నీ సున్నా దగ్గర పెట్టు. అంచుల పసుపు నీ కళ్ల ముందే పలచబడుతుంది. నలుపు తెలుపులో స్కాన్ చేసేస్తే ఈ అవకాశం ఉండదు.

స్కాన్ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన చెయ్యి. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉన్న ఆ ఫోటో 1500 బై 2100 పిక్సెళ్లు వస్తుంది. ప్రింటుకు 300 డీపీఐ లెక్కన అయిదు బై ఏడు సైజుకు సరిగ్గా సరిపోతుంది. జేపెగ్ అనే రకం ఫైలుగా కాక టిఫ్ అనే రకంగా దాచు. జేపెగ్ సైజు తగ్గించడం కోసం కొంత సమాచారాన్ని వదిలేస్తుంది. దిద్ది దాచిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. ఆ టిఫ్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఇంకో కాపీ బయటి డిస్కులో ఉంచి, దాన్ని ఇక ముట్టుకోకు. దిద్దేదంతా కాపీ మీదే.

మడత గీతకు హీల్, క్లోన్ అని రెండు సాధనాలున్నాయి. రెండింటికీ వాడే తీరు ఒకటే. కంట్రోల్ నొక్కి పట్టుకుని బాగున్న చోట ఒకసారి క్లిక్ చేసి, తర్వాత చెడిన చోట కుంచెతో అద్దాలి. తేడా ఎక్కడంటే, క్లోన్ ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తుంది, హీల్ చుట్టుపక్కల ఛాయకు తగ్గట్టు కలుపుతుంది. తాతయ్య బుగ్గ మీద, నుదుటి మీద హీల్ వాడు. గీత ముక్కుపుడక పక్క నుంచి దిగుతుందన్నావు కదా, అక్కడ హీల్ పనికిరాదు. వెలుగూ చీకటీ ఆనుకునే చోట అది నల్లగా పులుముతుంది. ముక్కుపుడక పక్కనా, చీర అంచు దగ్గరా కుంచెను చిన్నది చేసి క్లోన్ పెట్టు. అంచు గీతలు ఎటు పోతున్నాయో అటే, ఆ వరుసలోనే కంట్రోల్ క్లిక్‌కు చోటు ఎంచుకో. అద్దే ముందు లేయర్‌ను, అంటే ఫోటో ఉన్న పొరను, కాపీ చేసుకుని పై లేయర్ మీదే పని చెయ్యి. తప్పు పోతే పైది తీసేస్తే చాలు. మా రోజుల్లో సన్నకుంచె చివర రంగు అద్దుకుని ప్రింటు మీద ఒక్కో చుక్కా పెట్టేవాళ్లం. ఒక్క చుక్క ఎక్కువైతే ప్రింటు మళ్లీ వేయాల్సిందే. ఇప్పుడు వెనక్కి పోయే వీలుంది, ఆ వీలును పూర్తిగా వాడుకో.

తాతయ్య ముఖానికి కొత్త అందం తేవద్దు. ఒక్క నొక్కుతో పాత ఫోటోను కొత్తగా చేసి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. అవి చెరిగిపోయిన చోట ఉన్నదాన్ని తెచ్చిపెట్టవు, ఊహించి కొత్తది గీస్తాయి. కళ్లు మెరుస్తాయి, చర్మం నున్నగా అవుతుంది, కానీ ఆ మనిషి మా నాన్న కాదు. ఆయన కుడి కంటి కింద చిన్న మచ్చ ఉండేది. దాన్ని చెరపకు.

మొదటిరోజు జింప్‌లో అందరూ తికమకపడేది ఒకటుంది. సేవ్ నొక్కితే అది ఎక్స్‌సీఎఫ్ అనే తన సొంత ఫైలుగా దాచుకుంటుంది. అందులో లేయర్లన్నీ భద్రంగా ఉంటాయి కానీ ప్రింటు షాపువాళ్లు తెరవలేరు. వాళ్లకు ఇవ్వడానికి ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి జేపెగ్ చేసుకోవాలి. రెండూ ఉంచుకో.

ఫోటో కింద పేరూ సంవత్సరమూ రాయాలనుకుంటే తెలుగు యూనికోడ్ ఫాంట్లు వాడు. మండలి, రామభద్ర, సూరన్న ఉచితంగానే దొరుకుతాయి. జింప్‌లో ఒత్తులు విరగకుండా వస్తాయి.

సైజు తగ్గించే చిన్న పనులకు జింప్ తెరవనక్కర్లేదు. ఇర్ఫాన్‌వ్యూ అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. బోస్నియాలో పుట్టిన ఇర్ఫాన్ స్కిల్యాన్ దీన్ని చేసి 1996 నుంచి అందిస్తున్నాడు. ఇంటి వాడకానికి ఉచితం, వ్యాపారానికి వాడితే డబ్బు కట్టాలి. ఆ మాట తప్పవద్దు. ఒకేసారి వంద ఫోటోల సైజు మార్చేస్తుంది. దాని ప్లగిన్లు, అంటే అదనపు భాగాలు, కూడా వేసుకుంటే దరఖాస్తులు అడిగే ఇన్ని కేబీల లోపు అన్న లెక్కకు కూడా కుదించుకోవచ్చు. పాస్‌పోర్టు ఫోటోకు 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే 300 డీపీఐలో 413 బై 531 పిక్సెళ్లు. నాలుగు బై ఆరు అంగుళాల కాగితం మీద ఎనిమిది వస్తాయి. దరఖాస్తులో వేరే కొలత అడిగితే అదే పెట్టు.

డార్క్‌టేబుల్, రాథెరపీ అని ఇంకో రెండు పేర్లు వింటావు. కెమెరాలో రా ఫైళ్లు, అంటే కెమెరా దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లు, తీసేవాళ్లకు అవి బంగారం. నీ దగ్గర కెమెరా లేదు, పైగా నాలుగు జీబీ ర్యామ్ వాటికి ఇరుకు. క్రిటా అనేది బొమ్మలు గీసేవాళ్లది, పిల్లవాడు పెద్దయ్యాక చూద్దాం. పెయింట్ డాట్ నెట్ నేర్చుకోవడం జింప్ కన్నా సులువే, అయితే విండోస్‌లో తప్ప నడవదు. ఎవరైనా ఫోటోషాప్ ఫైలు పంపితే మాత్రం బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫోటోపియాలో చూడు, ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు.

వచ్చే ఆదివారం బస్సెక్కి రా. అసలు ఫోటోను మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టి తీసుకురా, నా స్కానర్‌లో మనమే స్కాన్ చేద్దాం. ఈలోగా జింప్ వేసుకుని, ఫోనులో తీసిన ఏదైనా మామూలు ఫోటోలో గోడ మీది మరక ఒకటి హీల్‌తో తీసి చూడు. పెన్‌డ్రైవ్‌లో ఎక్స్‌సీఎఫ్ ఫైలే వేసుకురా. జేపెగ్ తెస్తే నీ చేయి ఎక్కడ తడబడిందో నాకు కనిపించదు.

మీ మామయ్య