బేస్ గిటార్ కొనండి, ముందు రెండు రూపాయల వడ్డీ తీర్చండి

ప్రశ్న: నా వయసు 31. టోక్యోలోని నిషికసాయ్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 3,10,000 యెన్లు వస్తాయి. అద్దెతో కలిపి ఖర్చులు 2,00,000, ఇంటికి పంపేది 50,000. బ్యాంకులో 7,00,000 ఉన్నాయి. చెల్లెలి పెళ్లికి నాన్న చేసిన అప్పులో ఇంకా 1,50,000 రూపాయలు మిగిలింది, రెండు రూపాయల వడ్డీ. వారాంతాల్లో స్నేహితులతో కలిసి బేస్ వాయిస్తాను. వాయిద్యాల షాపులుండే ఒచనొమిజులో ఒక షాపులో 1980ల నాటి ఫెండర్ జపాన్ జాజ్ బేస్, జేబీ62-75 మోడల్, 1,50,000 యెన్లకు ఉంది. పాతబడేకొద్దీ ధర పెరుగుతుందంటున్నారు కదా, పెట్టుబడి కింద కొనొచ్చా? కార్డు మీద రివాల్వింగ్ పద్ధతిలో, అంటే బాకీ ఎంతున్నా నెలకు ఇంత అని, 5,000 చొప్పున కడితే సరిపోతుందా? ఇండియాకు తెచ్చి అమ్మితే లాభం ఉంటుందా?

జవాబు: మీరు మనసు పారేసుకున్న వస్తువు మంచిదే. ఆ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ఉత్తరం రాగానే చాలామంది సలహాదారులు దుబారా అని కొట్టిపారేస్తారు.

జాజ్ బేస్ అనేది ఫెండర్ కంపెనీ చేసే బేస్ గిటార్ మోడల్, 1960లో అమెరికాలో పుట్టింది. 1965లో ఆ కంపెనీని అమెరికన్ ప్రసార సంస్థ సీబీఎస్ 1.3 కోట్ల డాలర్లకు కొన్నాక, తయారీలో పాత శ్రద్ధ లేదని వాయిద్యకారులు గొణగడం మొదలైంది. వాళ్లకు కావలసింది 1950లు, 60ల నాటి పనితనం. దాన్ని పట్టుకున్నది జపాన్ వాళ్లు. టోకాయ్, గ్రెకో, ఫెర్నాండెజ్ పేర్లతో వచ్చిన పాతకాలం నమూనాలు ఎంత బాగున్నాయంటే, చివరికి ఫెండరే 1982లో కండా షోకాయ్, యమానో గక్కి సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్ పెట్టింది. తయారీని నగానో ప్రాంతంలోని మత్సుమోతోలో ఉన్న ఫుజిగెన్‌కు అప్పగించింది. 1985లో సీబీఎస్ కంపెనీని అమ్మేసినప్పుడు గిటార్లు తయారయ్యే ఫుల్లర్టన్ ఫ్యాక్టరీ ఆ అమ్మకంలో లేదు. కాలిఫోర్నియాలోని కరోనా పట్టణంలో కొత్త ఫ్యాక్టరీ కుదురుకునేదాకా ఫెండర్ బరువు చాలావరకు మోసింది జపానే. మీరు చూసిన బేస్ ఆ కాలపు బిడ్డ. అసలు 1962 నాటి అమెరికన్ జాజ్ బేస్ కొనాలంటే పదివేల డాలర్లు దాటుతుంది. ఆ సన్నటి మెడ, తీగల ధ్వనిని పట్టే ఆ రెండు పికప్పుల గొంతు అందులో చిన్న భాగం ధరకే దొరకడం వల్లే వీటికి ఇంత గిరాకీ.

ఇక పెట్టుబడి మాట. మీ ప్రశ్నకు సమాధానం ఆ మోడల్ పేరులోనే ఉంది. జేబీ62-75లో 62 నమూనా సంవత్సరం. 75 అప్పటి జాబితా ధర, అంటే 75,000 యెన్లు. ఇప్పుడు 1,50,000. సుమారు నలభై ఏళ్లకు రెట్టింపు అయిందంటే ఏడాదికి 1.75 శాతం పెరిగినట్టు. అదీ షాపు అమ్మే ధర. మీరు తిరిగి అమ్మబోతే షాపు తన లాభం, పూచీ తీసేసుకుని చాలా తక్కువ ఇస్తుంది. పైగా అరిగిన ఫ్రెట్లు, అంటే మెడ మీది లోహపు పట్టీలు, మార్పించాలంటే ఖర్చు పదుల వేల యెన్లలో ఉంటుంది. ఆ లెక్క కూడా తీస్తే పెట్టుబడి అనే మాటకు చోటే లేదు. ఇది వాయించుకోవడానికి కొనే వస్తువు. కొన్నేళ్లు వాయించి, అమ్మినా సగం డబ్బు వెనక్కి వచ్చే వస్తువు. నా లెక్కలో అది చిన్న సుగుణం కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది బేస్ కాదు, నాన్నగారి అప్పు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 1,50,000 మీద నెలనెలా 3,000 రూపాయలు వడ్డీకే పోతోంది. మీకు బ్యాంకులో 7,00,000 యెన్లు ఊరికే పడి ఉండగా ఆయన ఆ వడ్డీ ఎందుకు కట్టాలి? సుమారు 2,60,000 యెన్లు పంపి ఈ వారమే తీర్చేయండి. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చింపేయమని నాన్నగారికి మరీ మరీ చెప్పండి. ఏడాదికి 24 శాతం ఖాయంగా మిగిల్చే పెట్టుబడి మరొకటి నాకు తెలియదు.

కార్డు రివాల్వింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. జపాన్‌లో దాని మీద వడ్డీ సాధారణంగా ఏడాదికి 15 శాతం దగ్గర ఉంటుంది. వడ్డీతో కలిపి నెలకు 5,000 కడితే మొదటి నెల 1,875 వడ్డీకే పోతుంది. మొత్తం తీరేసరికి 38 నెలలు, వడ్డీ సుమారు 39,000 యెన్లు. అంటే 1,50,000 బేస్‌ను 1,89,000కు కొన్నట్టు.

అప్పు తీర్చాక మీ దగ్గర 4,40,000 మిగులుతుంది. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్న మీకు కనీసం మూడు నెలల ఖర్చు, 6,00,000 చేతిలో ఉండాలి. అందుకే మొత్తం నగదుగా ఇచ్చేయకండి. అక్కడి వాయిద్యాల షాపులు కొన్ని వడ్డీ లేని వాయిదాలు ఇస్తాయి, ఆ వడ్డీ షాపే భరిస్తుంది. పాత సరుకుకూ వర్తిస్తుందా, మీ నివాస కార్డు గడువు చాలుతుందా అని అడగండి. 12 వాయిదాలంటే నెలకు 12,500. మీకు మిగిలే 60,000లో అది పోగా 47,500 నిల్వలో వేస్తే నాలుగు నెలల్లో 6,00,000 దాటుతారు. వాయిదాలు కుదరకపోతే డిసెంబరు బోనస్ దాకా ఆగండి. ఈలోగా ఈ బేస్ ఎవరైనా కొనేసినా బాధపడకండి, ఒచనొమిజులో అలాంటివి మళ్లీ వస్తాయి.

ఇండియాలో అమ్మాలనే ఆలోచన వదిలేయండి. వింటేజ్ బేస్‌కు మన దగ్గర కొనేవాళ్లు తక్కువ, పైగా కస్టమ్స్ దగ్గర చిక్కులు. అమ్మాలనుకుంటే టోక్యో వదిలేముందు అక్కడే అమ్మండి. వెంట తెచ్చుకుని వాయించుకోవాలనుకుంటే రసీదు దాచుకోండి. వేలిపలక రోజ్‌వుడ్ కలపది కాబట్టి దేశం దాటించడానికి అనుమతి కావాలేమో అని భయం వద్దు, బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్పిస్తే తయారైన వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి ఆ అంతర్జాతీయ అనుమతి పత్రాల నుంచి మినహాయింపు ఉంది.

కొనేముందు ఒక పని చేయండి. నేను ఒకసారి అక్కడి షాపులో ఇలాంటిదే ఒళ్లో పెట్టుకుని చూశాను. చీటీ మీద బరువు, ఫ్రెట్లు ఎన్ని పాళ్లు మిగిలాయో రాసి ఉన్నాయి. మెడ వెనక బొటనవేలు ఆనేచోట పూత అరిగి నున్నగా ఉంది, అది లోపం కాదు. అసలు చూడాల్సింది మెడ లోపలి ట్రస్ రాడ్, అంటే మెడను సరిగ్గా నిలిపే లోహపు కడ్డీ. పాతకాలం నమూనాలో దాన్ని బిగించే మర బేస్ బాడీ వైపు, మెడ చివర దాగి ఉంటుంది. మెడ మరలు వదులు చేస్తేగాని అందదు. మెడ వంకర సరిచేయడానికి ఆ రాడ్‌కు ఇంకా తిరిగే వీలుందా అని షాపతన్నే అడిగి, మీ కళ్ల ముందే తిప్పి చూపించమనండి. తిరగదంటే ధర ఎంత తగ్గించినా ఆ బేస్ తీసుకోకండి.