నాన్న బండి కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మాది కొత్తపట్నం. ఒంగోలులో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను, జీతం 24 వేలు. ఇంటికి 15 వేలు, చిట్టీకి 4 వేలు పోతాయి. నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు (1994 మోడల్) ఆయన పోయిన దగ్గర్నుంచి మూడేళ్లుగా వసారాలోనే ఉంది. కిక్ కదలడం లేదు. ఆర్‌సీ నాన్న పేరు మీదే ఉంది, గడువు తీరి రెండేళ్లయింది. స్పానర్ పట్టిన అనుభవం లేదు కానీ నేనే ఇంట్లో విప్పి బాగుచేసి, వెనక ఫ్రేమ్ కోయించి కేఫ్ రేసర్‌లా (పాతకాలపు రేసు బండి తీరులో) మార్చాలని కోరిక. మెకానిక్ మొత్తం 70 వేలు అన్నాడు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, లక్ష చిట్టీ పాడుకోవాలా? చిట్టీ ఇప్పుడు పాడితే 22 వేలు పోతుంది. బ్యాంకులో 45 వేలున్నాయి. చెల్లి నర్సింగ్ ఫీజు జూన్‌లో కట్టాలి. బండి తిరిగితే బస్సు ఖర్చయినా కలిసొస్తుంది కదా?

జవాబు: రెండూ వద్దు. బ్యాంకులో ఉన్న 45 వేలు కూడా తీయకండి. అది మీ ఇంటికి మూడు నెలల తిండి. చిట్టీ చెల్లి చదువుకు ఆసరా, దాన్ని 22 వేలు వదులుకుని ఎత్తుకుంటే జూన్‌లో మళ్లీ ఎవరి దగ్గరికో వెళ్లాల్సి వస్తుంది.

లోన్ సంగతి. 70 వేలు 16 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకున్నారనుకోండి, నెలకు దాదాపు 3,430 కట్టాలి. మొత్తం మీద వడ్డీయే 12 వేలు దాటుతుంది. పైగా మీరు కొత్తగా నేర్చుకుంటూ చేసే మనిషి. విప్పి, కడిగి, ఏ సామాను పోయిందో తెలుసుకోవడానికే రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలలూ డబ్బు మీ దగ్గర ఊరికే ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు.

మీకు నెలకు 5 వేలు మిగులుతున్నాయి. అందులో 3 వేలు బండికి, 2 వేలు ఆరు నెలల రికరింగ్ డిపాజిట్‌కు వేయండి. ఆ డిపాజిట్ ఎందుకో కింద చెబుతాను.

ముందు ఆ 70 వేలను మెకానిక్ చేత చీటీ మీద విడగొట్టించండి: కూలి ఎంత, సామాను ఎంత, రంగులకూ సోకుకూ ఎంత. ఇంజిన్ విప్పకుండా చెప్పిన లెక్క అది. కిక్ కదలనంత మాత్రాన ఇంజిన్ పోయినట్టు కాదు. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో కాస్త డీజిల్ పోసి నాలుగైదు రోజులు వదిలేయండి. కిక్ మీద ఎక్కి తొక్కకండి. పిస్టన్ రింగులు తుప్పుకు అంటుకుని ఉంటే చాలాసార్లు దానికే వదులుతాయి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి టాంకు లోపలా, మడ్‌గార్డు కిందా తుప్పు ఎక్కువే ఉంటుంది. టాంకుకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు చాలు, ఒక రాత్రి నానబెట్టి కడిగి ఆరబెట్టండి.

పనిముట్లకు 4 వేలు దాటనివ్వకండి. 10, 12, 14 టీ స్పానర్లు, రింగు స్పానర్ల సెట్టు, సర్‌క్లిప్ ప్లయరు, మాగ్నెట్ పుల్లరు (ఇంజిన్ పక్కనుండే మాగ్నెట్ చక్రాన్ని లాగేది), ఒక ఇంపాక్ట్ డ్రైవరు (సుత్తితో కొడితే స్క్రూను తిప్పేది). చివరిది తప్పనిసరి. ఇంజిన్ కవర్ స్క్రూలు మామూలు స్టార్ స్క్రూడ్రైవరుతో తిప్పితే తల అరిగిపోయి, ఒక్కో స్క్రూ లేత్ షాపు ఖర్చుగా మారుతుంది. ఏ వైరు ఎక్కడిదో విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీయండి. బోల్టులు ఏ భాగానివి ఆ భాగం కవర్లో వేసి పేరు రాయండి.

కార్బొరేటర్, బ్రేక్ షూలు, కేబుళ్లు, చైన్ సెట్టు, వైరింగ్ మీ చేతి పనులే. బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను కాస్త పెద్దదిగా కోయడం), కనెక్టింగ్ రాడ్ మార్చడం లేత్ పనులు. ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. నెల్లూరులో ఉన్నప్పుడు నా పాత బండి సిలిండర్‌ను పిస్టన్ లేకుండానే ఒక షాపులో బోరింగ్‌కు ఇచ్చాను. వాళ్లు కొలత ప్రకారం కొట్టేశారు. తర్వాత కొన్న ఓవర్‌సైజు పిస్టన్ అందులో వదులైంది. ఇంకో సైజుకు మళ్లీ బోరింగ్, మళ్లీ పిస్టన్, రెండు ఖర్చులూ నావే. మీరు పిస్టన్ ముందు కొని, దాన్ని చేతికిచ్చి, దానికి తగ్గట్టు కొట్టమనండి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి డూప్లికేట్ సామాను చాలా తిరుగుతుంది. సీటు కవర్‌కు డూప్లికేట్ పర్వాలేదు. పిస్టన్‌కు, 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలుతో పాటు కాలే ఆయిల్) పంపుకు వద్దు. పంపు సరిగా ఆయిల్ ఇవ్వకపోతే కొత్త పిస్టన్ కూడా సిలిండర్‌లో బిగుసుకుపోతుంది.

ఇక కాగితాలు. మెకానిక్ లెక్కలో లేనిదీ, మీరు అడగనిదీ ఇదే. నాన్నగారి పేరు నుంచి మార్చడానికి ఫారం 31, దాంతో మరణ ధ్రువపత్రం, వారసుల పత్రాలు, అమ్మగారి, చెల్లి అంగీకారం కావాలి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25. 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కు కేంద్ర నిబంధనల ప్రకారం రెన్యువల్ ఫీజు 2,000. ఆలస్యానికి నెలకు 300. రెండేళ్లకే 7,200 అయింది, ఇంకో ఆరు నెలలకు 9,000 అవుతుంది. పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఈ సీసీ బండికి 714, జీఎస్టీతో 843 దాకా. ఆ 2 వేల డిపాజిట్ ఆరు నెలల్లో 12 వేలయ్యేది వీటికే. నెలకు 300 పెరుగుతోందని భయపడి లోన్‌కు పరుగెత్తకండి, ఆ లోన్ వడ్డీ నెలకు సగటున 500 పైనే.

స్పానర్లు కొనే ముందే ఒంగోలు ఆర్టీఓ ఆఫీసుకు ఒకసారి వెళ్లి, ఆ ఏపీ 27 నంబరు ఆన్‌లైన్ రికార్డులో ఉందా, పాత బాకీలేమైనా ఉన్నాయా కనుక్కోండి. పేరు మారే దారి లేదని తేలితే, ఒక్క రూపాయి పెట్టకముందే తెలియడం మేలు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలంటే బండి నడవాలి, లైట్లు, హారన్, బ్రేకులు పనిచేయాలి. అందుకే మొదటి ఆరు నెలల 18 వేలు అచ్చంగా వాటికే. చాలకపోతే ఏడో నెలకు జరపండి. రంగులు, సోకులు ఆర్‌సీ చేతికొచ్చాకే.

ఫ్రేమ్ మాత్రం కోయించకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అలా మార్చకూడదు. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే. డబ్బు మనిషిగా ఇంకో మాట: ఆర్‌ఎక్స్ కొనేవాళ్లు ఒరిజినల్‌గా ఉన్నదానికే ఎక్కువ ఇస్తారు. హ్యాండిల్ గ్రిప్పులు, సీటు కుట్టు, మీ చేత్తో పాలిష్ పట్టిన ఇంజిన్ కవర్లు, వీటిలో మీ ముచ్చట తీర్చుకోండి. టాంకు రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించాలి.

బస్సు ఖర్చు లెక్కలోకి తీసుకోకండి. ముప్పై ఏళ్లు దాటిన టూ స్ట్రోక్ బండిని రోజూ ఒంగోలుకు నడిపితే పెట్రోలు, 2టీ ఆయిలు, రిపేర్లు కలిపి బస్సు పాస్‌ను దాటిపోతాయి. ఆదివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకుని బీచ్ దాకా వెళ్లి రావడానికి ఉంచుకోండి. నాన్నగారి బండి మీద పెట్టే ఖర్చును పెట్టుబడి అని మనసుకు నచ్చజెప్పుకోనక్కర్లేదు, నెలకు 3 వేలు దానికోసం పెట్టే స్తోమత మీకుంది.

ఒకటి మరిచిపోవద్దు. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద చేసిస్ నంబరు ఉంటుంది. తుప్పు గీకేటప్పుడు అక్కడ వైరు బ్రష్షు, ఎమ్రీ పేపరు పెట్టకండి. డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, పెన్సిల్‌తో అచ్చు తీసి నాన్నగారి ఆర్‌సీతో కలిపి దాచండి. పెయింటుకు ఇచ్చేటప్పుడు ఆ చోట టేపు మీరే స్వయంగా అంటించండి.