వాన టేపు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

రవీంద్రభారతిలో నాటకానికి సౌండు నువ్వే చూస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నాకు ఎంత సంతోషమేసిందో! నాటకంలో ఇరవై నిమిషాలు వానే అన్నాడు, దాంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శబ్దాలు ఒక్కొక్కటిగా వేసే మ్యాక్ సాఫ్ట్‌వేర్ క్యూల్యాబ్ వాడుతున్నావట. మ్యాక్ ఛార్జరు మర్చిపోకు. నోటిఫికేషన్లు ఆపెయ్. ఏ మాట దగ్గర ఏ శబ్దం వెయ్యాలో, ఆ క్యూ నంబర్లు స్క్రిప్టు పక్కన పెన్సిలుతో రాసుకో.

వాన ఎంపీత్రీలో వద్దు, వేవ్ ఫైలు పెట్టు. ఎంపీత్రీకి మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది. అదే వాన మళ్లీ మొదటికొచ్చే లూపు తిరిగినప్పుడల్లా వాన ఊపిరి బిగబట్టినట్టుంటుంది. ఉరుముని మాత్రం లూపులోకి రానివ్వకురా. అదే ఉరుము మూడోసారి ఉరిమేసరికి ముందు వరుస పట్టేస్తుంది. స్లైసులుగా కొయ్యి: ఉరుమున్న ముక్క ఒక్కసారి, ఉత్త వాన ముక్క ఇన్ఫినిట్, అంటే ఆపేదాకా తిరుగుతూనే ఉండాలి.

1987లో ఒక పరిషత్తులో మా నాటకం. చివరి సీనంతా వాన. అప్పుడు లూపులెక్కడివి? మన రేకుల పంచలో టేప్‌రికార్డరు పెట్టి, అరవై నిమిషాల క్యాసెట్లో ఒక పక్కంతా వాన పట్టాను. పక్కకి అరగంట, సీను ఇరవై నిమిషాలు, చాలనుకున్నాను. సాయంత్రం ఓసారి వేసి చూసి, మొదటికి తిప్పడం మర్చిపోయాను. సీను మధ్యలో టేపు అయిపోయి బటను టక్కున పైకి లేచింది. తల్లి వేషం వేసినావిడ కొడుకు కోసం గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్కసారి పైకి చూసి, "వాన కూడా వెలిసింది నాయనా, నువ్వింకా రాలేదు" అంది. స్క్రిప్టులో లేని మాట అది. హాల్లో కుర్చీ కూడా కదల్లేదు.

అక్కడితో ఊరుకోవాల్సింది. చేతులు వణుకుతున్నాయి, ఆవిడ మాట నా చెవికెక్కలేదు. గిర్రున వెనక్కి తిప్పి నొక్కేశాను. వెలిసిందన్న వాన మళ్లీ జోరుగా మొదలైంది. జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్యే ఆవిడ సీనంతా ఏడ్చింది. తర్వాత మేకప్పు తుడుచుకుంటూ నన్నొక్క మాటా అనలేదు, తన టీ గ్లాసు నా వైపు జరిపింది. నేను తాగలేకపోయాను.

అందుకే చెబుతున్నా. ఎప్పుడైనా వాన ఆగిపోతే ముందు స్టేజీ మీద ఏం మాట్లాడుతున్నారో విను. తర్వాతి క్యూ మొదలెట్టే స్పేస్‌బార్ మీదికి చెయ్యి తర్వాత.

ఒకటి ముగియగానే తర్వాతిది దానంతటదే మొదలయ్యే ఆటో ఫాలోని ఇన్ఫినిట్ క్యూకి తగిలించావంటే తర్వాతి క్యూ రానే రాదు, వాన ముగిస్తేగా! లూపులోంచి బయటికి తెచ్చే డీవ్యాంప్ అయితే ఆ ముక్క పూర్తయ్యాకే కదులుతుంది, నిమిషం ముక్కయితే దాదాపు నిమిషం ఆగాల్సి రావచ్చు. పాటకి అది బాగుంటుంది. వానకి ఫేడ్ క్యూ పెట్టి పది సెకన్లలో తగ్గనివ్వు. 'స్టాప్ టార్గెట్ వెన్ డన్' టిక్కు చూసుకో, లేకపోతే వినపడకుండా లోపల తిరుగుతూనే ఉంటుంది. ఎస్కేప్ జోలికి అసలు పోకు, నడుస్తున్నవన్నీ ఆగిపోతాయి.

ఇదంతా చదివి కంగారు పడకు నాన్నా. నీ చెయ్యి నాకంటే నెమ్మది, చిన్నప్పుడే చూశాను. రిహార్సల్లో వాన ఇరవై నిమిషాలూ కళ్లు మూసుకుని విను, ఒక్కసారి చాలు.

పెద్దమ్మ చేగోడీలు పంపుతోంది. నూనె చేతులతో కీబోర్డు ముట్టుకోకు. నేను మొదటి బస్సుకే వస్తాను, నీ వెనకే కూర్చుంటాను, మాట్లాడను.

మీ పెదనాన్న,
తెనాలి